దూరపు ఊరికి ఇల్లు మారుతుంటే ఏది మేలు: ఫుల్ ప్యాకేజీ, పార్ట్ లోడ్, సొంతంగా బండి, లేక అమ్మేసి వెళ్లడం?

పక్క వీధికి ఇల్లు మారడం వేరు, వెయ్యి కిలోమీటర్లు మారడం వేరు. దగ్గర్లో అయితే ఖర్చులో ఎక్కువ భాగం మోసేవాళ్ల కూలికే పోతుంది. ఒక ట్రిప్పు చాలకపోతే బండి రెండో ట్రిప్పు వేస్తుంది, పెద్ద తేడా పడదు. దూరం పెరిగిందంటే లెక్క మారిపోతుంది. సామాను బండిలో ఎంత చోటు తింటుంది, ఎంత బరువు తూగుతుంది అన్నదాని మీదే బిల్లు నడుస్తుంది. అందుకే "ఎవరు చవగ్గా తీసుకెళ్తారు?" అని ఫోన్లు చేయడానికి ముందు, ఇంట్లో ఉన్న సోఫానీ, బీరువానీ, పుస్తకాల పెట్టెల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవాలి. డబ్బు మిగిలేది ముందు అక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. ముగ్గురు కూర్చునే సోఫా పొడవు 200 సెంటీమీటర్లు, లోతు 90, ఎత్తు 85 అనుకుందాం. గుణిస్తే ఒకటిన్నర క్యూబిక్ మీటర్లు. మామూలు అట్టపెట్టె 45×30×30 సెంటీమీటర్లు ఉంటే సుమారు 40 లీటర్లు. అంటే ఆ సోఫా పట్టే చోట్లో ఇలాంటి పెట్టెలు 37 పడతాయి. సోఫా బరువు మహా అయితే 50, 60 కిలోలు. ఆ పెట్టెల నిండా పుస్తకాలు సర్దితే ఒక్కొక్కటి పాతిక కిలోల దాకా తూగుతుంది, మొత్తం 900 కిలోలు దాటిపోతుంది. చోటు లెక్కన బిల్లు వేసే చోట ఈ రెండింటికీ కిరాయి ఒకటే. బరువు లెక్కన వేసే చోట సోఫా దాదాపు ఉత్తినే వెళ్లినట్టు, పుస్తకాలు మాత్రం జేబు ఖాళీ చేస్తాయి.

కొరియర్ వాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. రెండు లెక్కలూ వేసి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. మూడు కొలతల్నీ సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం వాళ్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన మన సోఫాకి 306 కిలోల బిల్లు పడుతుంది! పుస్తకాల పెట్టెకి అదే లెక్క వేస్తే 8 కిలోలే వస్తుంది, కానీ అసలు బరువు పాతిక కాబట్టి పాతికకే కట్టాలి. ఓడలో నలుగురి సామానుతో కలిపి పంపితే ఒక క్యూబిక్ మీటరుని వెయ్యి కిలోలతో సమానంగా లెక్కేసి, చోటు, బరువు ఈ రెంటిలో ఏ లెక్క ఎక్కువొస్తే అదే పడుతుంది. ఇంటి సామాను అంత చిక్కగా ఉండదు కాబట్టి అక్కడ దాదాపు ఎప్పుడూ చోటుకే కడతాం.

కాబట్టి ఎవరికి ఫోన్ చేసినా ముందు అడగాల్సింది: "మీది చోటు లెక్కా, బరువు లెక్కా?" చోటు లెక్కైతే సోఫా, డైనింగ్ టేబుల్, పరుపులు వదిలించుకునే మార్గం చూడండి. బరువు లెక్కైతే పాత పుస్తకాలు, పేపర్ల కట్టలు, ఇనుప సామాను, వ్యాయామం చేసే బరువులు ముందు బయటికి పోవాలి.

అమ్మేసి వెళ్లడమా, మోసుకెళ్లడమా?

"అన్నీ అమ్మేసి అక్కడ కొత్తవి కొనుక్కుంటే పోలా?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. "ఇంత మంచి వస్తువు ఎవరికో ధారపోస్తామా?" అనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరిదీ సగం సగం నిజమే. వస్తువు వస్తువుకీ విడిగా లెక్క వేస్తే తప్ప తేలదు.

లెక్క సులువే. అలాంటిదే వస్తువు కొత్త ఊళ్లో కొనాలంటే ఎంతవుతుంది, ఇక్కడ అమ్మితే ఎంత వస్తుంది, ఈ రెంటికీ మధ్య తేడా ఒక పక్క. ఆ వస్తువుకి పడే కిరాయి, ప్యాకింగ్ ఖర్చు, దెబ్బ తినే అవకాశం ఇంకో పక్క. సోఫా ఇక్కడ అమ్మితే 30 వస్తుంది, అక్కడ అలాంటిదే సెకండ్ హ్యాండ్‌లో 50కి దొరుకుతుంది అనుకోండి. తేడా 20. దాన్ని మోయడానికి 35 అవుతుంటే అమ్మేయడమే లాభం. అదే మంచి కుట్టు మిషన్ అయితే చోటు తక్కువ పడుతుంది, అమ్మితే పెద్దగా రాదు, మళ్లీ కొనాలంటే బోలెడవుతుంది. దాన్ని తీసుకెళ్లాల్సిందే.

అక్కడ కొనే ధర దగ్గర కొత్త వస్తువు ధర వేసుకుని మనల్ని మనం మోసం చేసుకుంటాం. పాత సోఫాకి పోటీ పాత సోఫాయే, షోరూమ్‌లో ఉన్నది కాదు. కొత్తదే కొనుక్కోవాలని ఉంటే కొనుక్కోండి, అది వేరే సరదా. ఆ ఖర్చుని ఇల్లు మారడం పద్దులో రాయకండి.

చెక్కపొడి అదిమి చేసిన బోర్డు ఫర్నిచర్ గురించి మాత్రం నాది గట్టి అభిప్రాయమే: మోయొద్దు. ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే మేకులు, స్క్రూలు పట్టిన చోట రంధ్రాలు వదులవుతాయి. దూరప్రయాణంలో కుదుపులకి అంచులు చిట్లుతాయి. అసలైన చెక్కతో చేసిన మంచం ఎన్నిసార్లు విప్పినా తట్టుకుంటుంది, దానికి కిరాయి పెట్టొచ్చు. అమ్మమ్మ ఇచ్చిన కుర్చీ లాంటివాటికి ఈ లెక్కలేవీ వర్తించవు, వాటిని బండెక్కించేయండి.

అమ్మకం మొదలుపెట్టే టైమ్ కూడా ధరే. నెలన్నర ముందు పెడితే బేరానికి నిలబడగలం. ఆఖరి వారంలో కొనడానికి వచ్చినవాడికి మన తొందర మొహంలోనే కనిపిస్తుంది.

ఫుల్ ప్యాకేజీ

వాళ్లే వచ్చి ప్యాక్ చేసి, ఎక్కించి, దించి, విప్పి పెడతారు. అన్నిటికంటే ఖరీదైనది ఇదే. కంపెనీ బిల్లు కట్టే ఉద్యోగ బదిలీ అయితే రెండో ఆలోచన అనవసరం, ఇదే తీసుకోండి. సొంత డబ్బైతే మాత్రం ఇందులో దేనికి ఎంత అవుతోందో విడగొట్టి అడగండి. బట్టలు, పుస్తకాలు, వంటింటి గిన్నెలు ప్యాక్ చేయడానికి నిపుణులు అక్కర్లేదు. సాయంత్రాలు కూర్చుని మనమే చేసుకోవచ్చు. టీవీ, గాజు సామాను, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ మాత్రం వాళ్లకే వదలాలి.

దీనికి కారణం ఉంది. మనం ప్యాక్ చేసిన పెట్టెలో ఏదైనా పగిలితే "ప్యాకింగ్ మాది కాదు" అని చేతులు దులుపుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, చాలా ఇన్సూరెన్సుల్లో నిబంధన కూడా అలాగే ఉంటుంది. పైగా రవాణా చేసేవాళ్లు సొంతంగా తీసుకునే బాధ్యత చాలాసార్లు కిలోకి ఇంత అని ఉంటుంది. ఆ లెక్కన పది కిలోల టీవీ బద్దలైతే వచ్చేది దాని స్టాండ్‌కి కూడా చాలదు. విలువ చెప్పి తీసుకునే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ వేరు, దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి. పగిలే సామాను వాళ్ల చేత ప్యాక్ చేయించి, పగలని సామాను మనం చేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, క్లెయిమ్ చేసుకునే హక్కూ మిగులుతుంది.

పార్ట్ లోడ్, రిటర్న్ లోడ్

నా ఓటు ఎక్కువమందికి వీటికే. పార్ట్ లోడ్ అంటే ఒకే బండిలో మీ సామానుతో పాటు ఇంకో రెండు మూడు ఇళ్ల సామాను వెళుతుంది, మీరు మీ చోటుకే కడతారు. రిటర్న్ లోడ్ సంగతి ఇంకా బాగుంటుంది. ఎక్కడికో సరుకు దించి వచ్చిన బండి ఎలాగూ వెనక్కి పోవాలి. ఖాళీగా పోతే డీజిల్, డ్రైవర్ ఖర్చు ఓనరు నెత్తినే పడుతుంది. అందుకని ఆ ఖర్చు మీద ఎంత వచ్చినా అతనికి లాభమే. మీరు వెళ్లే దిక్కు, బండి వెనక్కి వెళ్లే దిక్కు ఒకటై, తేదీ విషయంలో మీరు పట్టుబట్టకపోతే రేటు బాగా దిగుతుంది.

చవకగా వచ్చేదానికి చిక్కులూ ఉంటాయి. మొదటిది తేదీ. "మూడు నుంచి పది రోజుల్లో" అంటే పదో రోజే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి. ఆ పది రోజులూ పరుపు లేదు, గ్యాస్ స్టవ్ లేదు. అద్దె గదిలో ఉండి, మూడు పూటలా బయట తింటే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే కరిగిపోతుంది. చుట్టాల ఇంట్లో దిగే వీలుంటే పార్ట్ లోడ్ బంగారం. పిల్లలతో ఖాళీ ఇంట్లో దిగాలంటే ఆలస్యం ఖర్చు కూడా కలిపి పోల్చండి.

రెండోది, దారిలో బండి మారడం. మధ్యలో గోడౌన్‌లో దించి ఇంకో బండికి ఎక్కిస్తే ఒక ఎక్కింపు, ఒక దింపు అదనం. సామాను ఎక్కువగా దెబ్బ తినేది ఈ చేతులు మారే దగ్గరే. "ఎక్కించిన బండే అక్కడ దించుతుందా?" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ప్రతి పెట్టె మీదా మూడు వైపుల పేరు, నంబరు రాయడం ఇక్కడ తప్పనిసరి. వేరే ఇంటివాళ్ల పెట్టె మీ ఇంటికి, మీ పెట్టె ఇంకో ఊరికి పోవడం ఈ పద్ధతిలోనే జరుగుతుంది.

రిటర్న్ లోడ్‌కి ఇంకో టెన్షన్ కూడా ఉంది: ముందు రోజు ఇంకా మంచి లోడ్ తగిలితే ఓనరు మీది వదిలేయొచ్చు. ఇల్లు ఖాళీ చేసే ఆఖరి రోజుకి దీన్ని పెట్టుకోకండి, రెండు మూడు రోజులు వెసులుబాటు ఉంచుకోండి.

సొంతంగా బండి అద్దెకి తీసుకుని నడపడం

రోజు అద్దె చూసి నోరూరుతుంది. తర్వాత ఒక్కొక్కటీ కలపండి. నిండుగా లోడ్ చేసిన పెద్ద బండి లీటరుకి నాలుగైదు కిలోమీటర్లకి మించి ఇవ్వకపోవచ్చు, అంటే వెయ్యి కిలోమీటర్లకి 200 నుంచి 250 లీటర్లు. టోల్ కార్ల రేటు ఉండదు. బండిని ఆ ఊళ్లోనే అప్పగిస్తే విడిగా చార్జీ, వెనక్కి తెచ్చి ఇస్తే మళ్లీ అంత డీజిల్. దారిలో బస, తిండి, రెండు చోట్లా మోసేవాళ్ల కూలి, సెలవు పెట్టిన రోజుల జీతం ఉండనే ఉన్నాయి. మీ లైసెన్స్ ఆ సైజు బండికి చెల్లుతుందో లేదో ముందు చూసుకోవాలి.

ఇవన్నీ కలిపాక కూడా ఇది గెలిచే సందర్భం ఒకటుంది: ఒక గది సామాను, దాన్ని పట్టే చిన్న వ్యాన్, దూరం ఒక్క రోజులో నడిపేంత, మోయడానికి ఇద్దరు స్నేహితులు. అంతకు మించితే అద్దె బండిని డ్రైవర్‌తో సహా మాట్లాడుకోవడమే నయం. ప్యాకింగ్ మీది, ఎక్కించే కూలీలు మీరే మాట్లాడుకున్నవాళ్లు, నడిపేది మాత్రం ఆ రోడ్డు తెలిసిన మనిషి.

కంటైనర్

ఇంటి ముందు పెట్టె దించి వెళ్తారు, తీరిగ్గా సర్దాక వచ్చి తీసుకుపోతారు. పాత ఇల్లు ఖాళీ చేసే తేదీకీ కొత్త ఇంటి తాళం వచ్చే తేదీకీ మధ్య నెల గ్యాప్ ఉంటే ఇది చక్కగా పనికొస్తుంది, సామాను విడిగా గోడౌన్‌లో దించి ఎక్కించే పని తప్పుతుంది. తేదీలు కలిసేవాళ్లకి దీనితో లాభం తక్కువ. ఓడ మీద వెళ్లే 20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 క్యూబిక్ మీటర్లు ఉంటుంది. మీ సామాను అందులో పావు వంతే ఉంటే మొత్తం పెట్టె తీసుకోకండి, నలుగురితో కలిపి పంపేదాని రేటు కూడా కనుక్కోండి.

రేట్లు పోల్చేటప్పుడు

ఒకే లిస్టు ముగ్గురికి ఇవ్వండి. ఒకరికి ఫోన్లో "రెండు బెడ్‌రూముల ఇల్లు" అని, ఇంకొకరికి వీడియోలో చూపించి చెప్తే వచ్చే రేట్లకి పోలికే ఉండదు. బీరువా తలుపులు తెరిచి చూపించండి, అటక మీద ఉన్నవి దాచకండి. రేటు ఫిక్స్‌డా, చివర్లో మారుతుందా అన్నది రాతలో ఉండాలి. మెట్లకి, లిఫ్ట్ లేకపోతే, బండి గుమ్మం దాకా రాకపోతే, మంచాలు విప్పి బిగించినందుకు, గంటల కొద్దీ ఆపితే పడే చార్జీలు అందులోనే రాయించుకోండి. మిగతా ఇద్దరికంటే ఒకరు మరీ తక్కువ చెప్పారంటే సంతోషించడానికి ముందు ఆగండి. సామాను బండెక్కాక "చోటు ఎక్కువైంది" అని రేటు పెంచి, కట్టేదాకా సామాను దించేది లేదనడం ఈ రంగంలో పాత ఎత్తు.

తేదీ చేతిలో ఉంటే నెల మధ్యలో, వారం మధ్యలో మారండి. అద్దె ఇళ్ల లెక్కలు నెలాఖరుకి ముగిసే చోట్ల బండ్లకి గిరాకీ కూడా అప్పుడే ఉంటుంది.

చేరాక కొన్ని పనులు డబ్బు కాపాడతాయి. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెచ్చి ఉంటే వెంటనే స్విచ్ వేయకండి. కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి జారి ఉంటుంది, నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయాలి, ఎన్ని గంటలన్నది మాన్యువల్లో ఉంటుంది. ముందు డోర్ ఉండే వాషింగ్ మెషిన్‌కి ప్రయాణంలో డ్రమ్ ఊగకుండా వెనక బోల్టులు బిగిస్తారు, అవి తీయకుండా మెషిన్ తిప్పితే పాడవుతుంది. డెలివరీ కాగితం మీద సంతకం పెట్టేముందు పెట్టెల నంబర్లు లెక్క పెట్టండి. నలిగినవి, తడిసినవి ఆ కాగితం మీదే రాసి, ఫోటో తీసి, అప్పుడు సంతకం పెట్టండి. డ్రైవర్ తొందరపెడతాడు, పెట్టనివ్వండి.