మాధవరంలో బోర్డు లేని షెడ్డు: గేర్‌బాక్స్ మార్చిన పాత బండికి క్లచ్ వైద్యం

పాత లారీకి గేర్‌బాక్స్ మార్పించాక క్లచ్ మొరాయిస్తుంటే, మళ్లీ గేర్‌బాక్స్ దింపించే ముందు ఒకసారి ఈ షెడ్డు దాకా వెళ్లి రండి. ఉత్తర చెన్నైలో బండ్లు తిప్పే మనవాళ్లలో కొందరికి ఈ చోటు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మాధవరం రౌండ్‌టానా (కూడలి) నుంచి జీఎన్‌టీ రోడ్డు మీద పుళల్ వైపు వస్తుంటే ఎడమ చేతి పక్కన పాత టైర్ల షాపు, దాన్ని ఆనుకున్న సందులో రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందు ఇంజన్ లేని మెటడోర్ ఒకటి తుప్పు పట్టి పడి ఉంటుంది, అదే గుర్తు.

మా బండి స్వరాజ్ మజ్దా. 2011లో ఆ కంపెనీ పేరు ఎస్‌ఎంఎల్ ఇసుజు అయింది, మాది అంతకు చాలా ముందటి బండి. నాన్న రెడ్‌హిల్స్ బియ్యం మండీల్లో 25 కిలోల సిప్పాలు (బియ్యం మూటలు) ఎక్కించుకుని అయనావరం, విల్లివాక్కం, పెరంబూరు కొట్లకు వేస్తారు. లెక్కలు నావి: డీజిల్, కూలీ, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి వచ్చే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు. హైవే మీద పరుగెత్తేది తక్కువ, రెట్టేరి సిగ్నల్ దగ్గర పాకేది, సందుల్లో రివర్స్ తీసేది ఎక్కువ. ఇలాంటి పనిలో క్లచ్ బాగాలేకపోతే ఆ రోజు బేరం పోయినట్టే.

పాత గేర్‌బాక్స్‌లో మూడో గేరు నిలవకుండా బయటికి తన్నేస్తుండేది. విప్పి బాగుచేయిస్తే అయ్యే ఖర్చు కన్నా పుదుపేటలో సెకండ్ హ్యాండ్ బాక్స్ చవక అనిపించి, అదే కంపెనీ తర్వాతి మోడల్‌ది ఒకటి తెచ్చాం. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) బోల్టులు కుదిరాయి, క్లచ్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) పళ్లు కుదిరాయి. మాకు దగ్గరలో ఉన్న ఒక వర్క్‌షాప్‌లో (పేరు వద్దులెండి) ఎక్కించారు. బాక్స్ కాక లేబరూ చిల్లరా కలిపి పన్నెండు వేలు. బండి బయటికి రాగానే నాన్న చెప్పిన మొదటి మాట, "క్లచ్ ఎంత తేలికైపోయిందో, కాలు ఆనిస్తే చాలు!"

ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో మాట ఆ సాయంత్రమే వచ్చింది. రివర్స్ పడటం లేదు. పడితే కరకరమని ఏడుస్తూ పడుతోంది. ఇంజన్ వేడెక్కాక మొదటి గేరు కూడా అంతే. నాన్న సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆపి, గేరు వేసి, క్లచ్ తొక్కి స్టార్ట్ చేయడం మొదలుపెట్టారు. అలా స్టార్ట్ చేస్తే కూడా బండి ఓ అడుగు ముందుకు దూకేది. వెనకాల ఎంటీసీ బస్సు హారన్, ముందు ఆటో. టెన్షన్ ఎవరికి ఉండదు?

ఎక్కించిన షాపుకు వెళ్తే, "సెట్ అవుతుంది, కొన్నాళ్లు నడపండి" అన్నారు. సెట్ కాలేదు. తర్వాత బాక్స్ దింపి క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటును నొక్కి పట్టేది), రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ నొక్కుడు వదిలించేది) మూడూ కొత్తవి వేశారు. ఇంకో తొమ్మిది వేలు. కరకర అలాగే ఉంది. ఆఖరికి "మీరు తెచ్చిన బాక్సే మంచిది కాదు, వేరేది చూసుకోండి" అనేశారు. అప్పుడు మండీలో ఎవరో చెబితే ఈ షెడ్డుకు తీసుకెళ్లాం.

మేస్త్రిది నాయుడుపేట. మనిషి పెద్దవాడు, మాట మాత్రం కత్తిలా ఉంటుంది. నాన్న కథంతా మొదలుపెడితే మధ్యలోనే ఆపి, "అబ్బయా, బాక్స్ మార్చక ముందు రివర్స్ పడేదా లేదా, అది చెప్పు" అన్నారు. పడేది. "ఇంజన్ ఆపితే?" అన్ని గేర్లూ బాగా పడుతున్నాయి. "అయితే బాక్స్‌ను తిట్టబాకండి. ఆపినప్పుడు పడే గేరు, ఆడుతున్నప్పుడు పడలేదంటే క్లచ్ వదలడం లేదు." అంటే పెడల్ తొక్కినా ఇంజన్ తిప్పుడు గేర్‌బాక్స్ నుంచి విడిపోవడం లేదన్నమాట.

ఆ తర్వాత జరిగిందే ఈ షెడ్డు ప్రత్యేకత. స్పానర్ ముట్టుకోలేదు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టించి, క్లచ్ పూర్తిగా తొక్కించి, ఐదు అంకెలు లెక్కపెట్టించి, రివర్స్ వేయించారు. కరకర. క్లచ్ నిజంగా వదిలి ఉంటే ఆ ఐదు అంకెల లోపల క్లచ్ షాఫ్ట్ తిరగడం ఆగిపోవాలి, గేరు చప్పుడు లేకుండా పడాలి. తర్వాత పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు కొట్టించి మళ్లీ వేయించారు. క్లచ్ ఆయిల్ పైపుల్లో గాలి ఉంటే అలా కొట్టినప్పుడు పెడల్ గట్టిపడి గేరు కాస్త తేలిగ్గా పడుతుందట. మాకు ఏ తేడా లేదు. అంటే గాలి కాదు. ఆ ముందటి షాపు వాళ్లు అప్పటికే చాలాసార్లు గాలి తీశారు, డబ్బా ఆయిల్ అయిపోయింది కూడా.

మూడో పరీక్ష చూడ్డానికి సరదాగా ఉంది. ముందు చక్రాలకు దిమ్మెలు వేసి, వెనక ఒక పక్క జాకీ ఎత్తి, మొదటి గేరులో పెట్టి, క్లచ్ తొక్కి ఇంజన్ స్టార్ట్ చేయించారు. గాల్లో ఉన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. క్లచ్ అడుగు దాకా తొక్కి ఉండగానే! పైలట్ బేరింగ్ (క్లచ్ షాఫ్ట్ ఇంజన్ వైపు కొసను మోసేది) కాస్త పట్టేస్తున్నా చక్రం కొంచెం కదులుతుందట, కానీ బ్రేక్ తాకగానే ఆగిపోతుందట. మాది బ్రేక్ వేస్తే ఇంజన్ మూలిగింది. క్లచ్ ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌ను (ఇంజన్‌తో తిరిగే చక్రాన్ని) అంటుకునే ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అప్పుడు నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించారు. "పాపా, నేను చెప్పినప్పుడు తొక్కు, చెప్పినప్పుడు వదులు." నాన్న ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో స్టీలు స్కేలు పట్టుకుని కిందికి దూరారు. మేస్త్రి మొదట డ్యాష్‌బోర్డ్ కింద క్లచ్ అప్పర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపులోకి తోసేది) రాడ్ ఎంత కదులుతుందో చూశారు. సుమారు 25 మిల్లీమీటర్లు. తర్వాత కింద గేర్‌బాక్స్ పక్కన లోయర్ సిలిండర్ (ఆ ఆయిల్ తోపుతో క్లచ్‌ను వదిలించేది) రాడ్ చూశారు. 18. ఆయన లేచి చేతులు తుడుచుకుంటూ అడిగారు: "ఈ లోయర్ ఎవురిది?"

పుదుపేట బాక్స్‌తో పాటు వచ్చింది. బాక్స్‌కు బిగించే ఉంది, విప్పే పని లేకుండా మా పైపు దానికే తగిలించేశారు.

గుడ్డతో తుడిస్తే దాని మీద పోత పోసిన అంకె కనిపించింది, 7/8. మా అప్పర్ మీద 3/4. అంగుళాల లెక్క అది, లోపలి గొట్టం వెడల్పు. లెక్కలమ్మాయిని కదా, అక్కడే ఫోన్‌లో వేశాను. గొట్టం వైశాల్యం వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది. 3/4 వర్గాన్ని 7/8 వర్గంతో భాగిస్తే 0.73. అంటే పైన 25 మిల్లీమీటర్లు తోస్తే కింద కదిలేది 18. స్కేలు చూపించింది సరిగ్గా అదే. పావు వంతుకు పైగా ప్రయాణం దారిలోనే పోతోంది. ఆ పోయిన దానికి బదులుగా దక్కింది తేలికైన పెడల్. నాన్నను మురిపించిన ఆ తేలికే జబ్బు లక్షణం. పెడల్ ఉన్నట్టుండి పావు వంతు తేలికైందంటే, ఎక్కడో అంత ప్రయాణం తగ్గి ఉండాలి. మేస్త్రి దీన్ని లెక్క లేకుండానే చెప్పారు: "లావు గొట్టంలో నీళ్లు ఎత్తు తక్కువ లేస్తాయి పాపా."

ఆ లోయర్ తన సొంత బండిలో తప్పు కాదు. ఆ బండికి దానికి తగ్గ అప్పర్ ఉంటుంది. మా పాత అప్పర్‌తో కలిపినందుకు వచ్చిన తంటా ఇది. కొత్త క్లచ్ సెట్ మూడుసార్లు వేసినా పోయేది కాదు. తీసేసిన పాత ప్లేటు బండిలోనే ఉంటే దాన్ని కూడా చూశారు. రివెట్ తలల మీద రాపిడి పొర ఇంకా బోలెడు మందం ఉంది. "దీన్ని ఎందుకు మార్చారు?" అనడిగి, జవాబు కోసం ఆగలేదు. నా తొమ్మిది వేలు గుర్తొచ్చి కడుపు మండింది.

రెండు దారులు చెప్పారు. పెద్ద అప్పర్ వేయడం, లేదా మా పాత కొలత లోయర్ వేయడం. రెండోదే చవక. కొత్త లోయర్ జనరల్ పాటర్స్ రోడ్డులో దొరికింది. కొత్త బాక్స్ మీద ఒక బోల్టు రంధ్రం కుదరకపోతే, లేత్‌లో ఒక మందపాటి ప్లేటు కోయించి బిగించారు. రాడ్ పొడవు సరిచేశారు. పెడల్ పైన వేలు మందం ఆట వదిలారు. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఆనుకునే ఉంటుందని, అప్పుడు వదలని క్లచ్ పోయి జారే క్లచ్ వస్తుందని చెప్పారు. గాలి తీసి, మళ్లీ స్కేలు పెట్టి కొలిచి, చక్రం ఎత్తి చూపించి, అప్పుడు కిందికి దించారు. పెడల్ మళ్లీ పాత బరువుకు వచ్చింది. నాన్న గొణిగారు. రివర్స్ మాత్రం చప్పుడు లేకుండా పడింది.

ఖర్చు: చూసినందుకు 500, బిగించినందుకు 800, లేత్ 350. లోయర్ సిలిండర్, ఆయిల్ మేం తెచ్చుకున్నవే. చూసినందుకు విడిగా డబ్బు తీసుకునే మెకానిక్‌ను నేను ఇదే చూడటం. నాకు నచ్చింది కూడా అదే. సామాను అమ్మితేనే డబ్బు వచ్చేవాడికి సామాను మార్చాలనే అనిపిస్తుంది.

ఒక పని మాత్రం మిగిలే ఉంది. ఫుల్ లోడ్‌తో మొదటి గేరులో కదిలేటప్పుడు బండి కొంచెం వణుకుతోంది. ఇన్నాళ్లూ సగం పట్టుకుని తిరిగింది కాబట్టి ఫ్లైవీల్ వేడికి నీలం మచ్చలు పడి ఉండొచ్చని ఆయన అనుమానం. "దీనికోసం బాక్స్ దింపబాకండి. ఎప్పుడైనా వేరే పనికి దించినప్పుడు లేత్‌లో ఫ్లైవీల్ ముఖం చెక్కించండి" అన్నారు. దింపి ఉంటే ఆయనకే నాలుగు డబ్బులు వచ్చేవి.

వెళ్తూ వెళ్తూ చప్పుళ్ల గురించి అడిగితే విసుక్కోకుండా చెప్పారు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు ఉండి, తొక్కితే పోయే చప్పుడు గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌ది. తొక్కితే వచ్చేది సాధారణంగా రిలీజ్ బేరింగ్‌ది. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువును క్లచ్ ప్లేటు మీద వేలాడనిస్తే ప్లేటు వంగిపోయి, అప్పుడు కూడా ఇలాగే వదలదు. ప్లేటు తిరగేసి బిగించినా అంతే. అంటే కొలతలన్నీ సరిగ్గా ఉండీ వదలకపోతేనే బాక్స్ దింపాలి, అంతకుముందు కాదు.

ఇక బాగోలేనివి. ఫోన్ ఎత్తరు. మధ్యాహ్నం భోజనం తర్వాత నాలుగు దాకా నిద్ర, లేపితే ఆ కోపం మీ బండి మీద పడుతుంది. జీఎస్టీ బిల్లు లేదు. క్యాలెండర్ కాగితం వెనక రాసిస్తారు, దాన్ని నేను ఖాతాలో ఎలా చూపించాలో నాకే తెలియాలి. కూర్చోడానికి పాత సీటు ఒకటి, ఫ్యాన్ లేదు. ఆడవాళ్లు వెళ్తే బాత్రూంకు రోడ్డు మీది పెట్రోల్ బంకే గతి. కుర్రాళ్లు ఇద్దరున్నారు, మంచివాళ్లే, కానీ మేస్త్రి లేనప్పుడు వాళ్లతో చేయించుకోవద్దు. గేరు లీవర్ కింద రబ్బరు బూటు వాళ్లు బిగించిందే, వారానికే ఊడింది.

వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి, బండి ఖాళీగా తీసుకెళ్లండి. మార్చిన పాత సామాను ఏదున్నా పారేయకుండా వెంట పట్టుకెళ్లండి, ఆయన ముందు దాన్నే అడుగుతారు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లు ముట్టుకోరు. ఆదివారం, అమావాస్య సెలవు.