ఘాటు ఎక్కేలోపు ఒక కథ: ఏడేళ్లుగా కథల పుస్తకాలతో

2018 జూన్‌లో నాకు కడప నుంచి రాయచోటికి బదిలీ అయింది. పిల్లల చదువులున్నాయని ఇల్లు మార్చలేదు. పోను యాభై కిలోమీటర్లు, రాను యాభై, రోజూ బస్సే. అంతవరకు నాకు చదవడమంటే నవలే. కథలు చదవడం ఆ బస్సులో నేర్చుకున్నాను. ఈ ఏడేళ్లలో 41 పుస్తకాలు, లెక్కకు 700 దాకా కథలు అయ్యాయి. కథల పుస్తకం కొంటాం, నాలుగు కథలు చదువుతాం, తర్వాత అది అలమారలోనే ఉండిపోతుంది అని చాలామంది అంటుంటారు. నాకూ అలాగే ఉండేది. అది ఎలా మారిందో చెప్పాలని రాస్తున్నాను.

చిన్నప్పుడు మా వీధిలో పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి ఉండేది. మర్నాడు తిరిగి ఇవ్వాలి కాబట్టి రాత్రి రెండైనా నవల పూర్తి చేసే పడుకునేదాన్ని. ఆ అలవాటే పెళ్లయ్యాక, ఉద్యోగం వచ్చాక ఇబ్బంది పెట్టింది. నవల పట్టుకుంటే వదలబుద్ధి కాదు, కానీ వదలక తప్పదు. వారం తర్వాత మళ్లీ తెరిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు. నాలుగు పేజీలు ముందుకు, మూడు పేజీలు వెనక్కు. చివరికి పుస్తకం తెరవడమే మానేసి ఫోన్ చూస్తూ కూర్చునేదాన్ని. దాదాపు పదేళ్లు అలా పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బదిలీ అయిన మొదటి వారం సంచిలో వేసుకున్నది 'కేతు విశ్వనాథరెడ్డి కథలు'. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం, పైగా మా జిల్లా ఆయన రాసింది అని ఎప్పుడో కొని పెట్టుకున్నాం, చదవలేదు. కడప దాటాక కొంతదూరం రోడ్డు తిన్నగానే ఉంటుంది. ఆ తర్వాత గువ్వలచెరువు ఘాటు, అంటే మలుపుల కొండ దారి. మలుపుల్లో తల వంచుకుని చదివితే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకని ఘాటు మొదలయ్యేలోపు కథ అయిపోవాలి. పది, పన్నెండు పేజీల కథ ఆ అరగంటకు సరిగ్గా సరిపోయేది.

ఘాటులో పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ పోయేదాన్ని. బండలు, లోయ, మూలుగుతూ ఎక్కే లారీలు. చేతికీ కంటికీ పని లేదు. అప్పుడు అంతకుముందే చదివిన కథ తలలో మళ్లీ తిరిగేది. ఆమె ఆ మాట ఎందుకు అనలేదు? గూట్లో దీపం సంగతి రెండుసార్లు ఎందుకు వచ్చింది? పైన గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ల దగ్గర బస్సు ఆగేసరికి, చదివినప్పుడు కనబడని ముక్క ఒకటి చేతికి దొరికేది. రోజూ కాదు, కానీ వారంలో రెండు మూడు రోజులు దొరికేది. ఏ రచయిత పుస్తకం పట్టుకున్నా ఇదే జరుగుతుంటే నాకు అర్థమైంది. కథను చదవడానికి ఎంతసేపు పడుతుందో, చదివాక ఊరికే కూర్చోవడానికి కూడా అంతసేపు కావాలి. నవలలో ఆ పని తర్వాతి అధ్యాయం చేసిపెడుతుంది. కథలో మనమే చేసుకోవాలి.

ఇది నా భ్రమ కాదని 2020లో తేలింది. మార్చిలో లాక్‌డౌన్‌తో బస్సులు ఆగిపోయాయి. ఇంట్లో కావలసినంత తీరిక. మొదటి వారం రోజుకు నాలుగైదు కథలు చదివేశాను. ఆదివారం డైరీలో రాసుకుందామని కూర్చుంటే ముప్పై కథల్లో ఐదు కూడా విడివిడిగా గుర్తు రాలేదు. ఒక కథలోని తండ్రి ఇంకో కథలోని ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. నిజంగా భయమేసింది. అవి మంచి కథలు, ఒక్కొక్కటి రాయడానికి ఆ రచయితలకు ఎన్ని నెలలు పట్టిందో. అప్పుడు ఘాటును ఇంట్లోనే పెట్టుకున్నాను. ఒక కథ చదవడం, పుస్తకం కింద పెట్టి మిద్దె మీద ఇరవై చుట్లు తిరగడం. ఫోన్ కిందే వదిలేయాలి. వారంలో కథలు మళ్లీ వేటికవి నిలబడ్డాయి. బస్సులు మొదలయ్యాక కూడా ఆదివారాలు ఈ పద్ధతే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒకటి చెబుతాను. ఒకే రచయిత కథలున్నది సంపుటి, పలువురివి కలిపి వేసింది సంకలనం. చదివే అలవాటు తప్పినవాళ్లు సంకలనంతో మొదలుపెడితే మేలు. కథాసాహితి వాళ్లు 1990 కథలతో మొదలుపెట్టి ఏడాదికొకటిగా తెచ్చిన 'కథ' సంకలనాల్లో ఏదైనా సరే. ఒకరు నచ్చకపోతే మర్నాడు ఇంకొకరు. నచ్చిన పేరు రాసిపెట్టుకుని, తర్వాత వాళ్ల సంపుటి కొనుక్కోవచ్చు. నేను ఎక్కువగా అలాగే కొన్నాను, డబ్బు వృథా అయింది తక్కువ.

ముందుమాటలు మాత్రం చివర్లో చదవండి. మన కథల పుస్తకాల్లో ముందుమాట రాసేవాళ్లు అభిమానం కొద్దీ ప్రతి కథనూ ముగింపుతో సహా చెప్పేస్తారు. చదివాక చూస్తే అదే ముందుమాట, పక్కన కూర్చుని మాట్లాడే స్నేహితుడిలా ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, నేను చాలా ఆలస్యంగా గమనించాను. కథ చివర చిన్న అక్షరాల్లో అది ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో వేస్తారు. ముందు దాన్ని దాటేసేదాన్ని, ఇప్పుడు మొదట దాన్నే చూస్తాను. గురజాడ 'దిద్దుబాటు' స్కూల్లో పరీక్ష కోసం చదివాను, ఏమీ అనిపించలేదు. అది 1910 నాటిది అని మనసులో పెట్టుకుని బస్సులో మళ్లీ చదివితే, దారి తప్పిన మొగుణ్ణి చదువుకున్న భార్య దిద్దడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మాటో తెలిసింది.

మా సీమ కథల గురించి చెప్పకుండా ఉండలేను. రవంత, యాడికి, బువ్వ, ఆయప్ప లాంటి మాటలు అచ్చులో చూసినప్పుడు మా అమ్మ గొంతు విన్నట్టే ఉండేది. అయితే కరువు కథలు వరసగా పది చదవలేం. ఎండిన బోరు, వెనక్కిపోయిన మబ్బు, వేరుశనగ పంట పోయిన అప్పు. అవన్నీ నిజాలే, నేను చూసినవే. కానీ నాలుగో రోజుకు మనసు మొద్దుబారుతుంది, అది ఆ కథకు అన్యాయం. ఇలాంటి పుస్తకాన్ని ఇంకో పుస్తకంతో కలిపి, ఒకటి విడిచి ఒకటిగా చదువుతాను.

కష్టాలు లేవని కాదు. ఒక రచయిత కథలన్నీ కలిపి వేసే లావుపాటి సంపుటాలు ఇంటికే, బస్సుకు పనికిరావు. రెండు నెలలు మోస్తే భుజం నొప్పి, పైగా గమ్ బైండింగ్ నడుము దగ్గర విరిగిపోతుంది. ఒకసారి పోస్టులో తెప్పించుకున్న పుస్తకంలో 97 నుంచి 112 పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 113 నుంచి 128 అసలు లేవు. ఒక ఫారం (పదహారు పేజీల కట్ట) బదులు ఇంకో ఫారం కుట్టేశారు. కథ సరిగ్గా మలుపు దగ్గర ఆగింది. అమ్మినవాళ్లకు మూడుసార్లు ఫోన్ చేసినా మార్చి పంపలేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం గుర్తొచ్చి వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికాను. ఆ కథ మొదట అచ్చయిన పత్రిక పేజీలే స్కాన్ చేసి పెట్టి ఉన్నాయి. ప్రింటు తీసి, మడిచి, ఆ పుస్తకంలోనే పెట్టుకున్నాను. ఎవరో ఊరూరా తిరిగి పాత పత్రికలు సేకరించి పెట్టకపోతే ఆ కథ నాకు సగంలోనే ఉండిపోయేది. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఈ ఏడేళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన రోజు ఒకటుంది. పొలం అమ్మే ముందురోజు రాత్రి ఒక రైతు ఇంట్లో జరిగే కథ చదివి మూశాను. అది మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసులో అతను సంతకానికి కలం చేతికి తీసుకునే దగ్గర ఆగిపోతుంది. పక్కన ఖాళీ గంప కాళ్ల మధ్య పెట్టుకుని ఒక అవ్వ కూర్చుంది.

"ఏం పుస్తకం పాపా అది? అంత దీక్షగా సదువుతాండావు."

"కథల పుస్తకం అవ్వా."

"ఏం కతో చెప్పు, నేనూ ఇంటా."

ఘాటు ఎక్కుతున్నంతసేపూ చెప్పాను. కలం దగ్గరికి వచ్చి ఆపాను.

"సంతకం పెట్టినాడా లేదా మరి?"

"రాయలేదవ్వా. అక్కడితో ఆపేశారు."

ఆమె రెండు మలుపులు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "పెట్టింటాడు. పెట్టకుంటే ఆయప్ప కత ఎందుకు రాస్తాడు?"

అతను పెట్టలేదనే నేను అంతవరకు అనుకుంటున్నాను. మర్నాడు అదే కథ మళ్లీ చదివాను. అవ్వ మాటే సరి. అంతకుముందు పేజీలో అతను భార్యతో ఎద్దుల మెడలో గంటలు తీసేయమంటాడు. నేను దాన్ని దాటేశాను.

నవలలు మానలేదు. ఇప్పుడు నవల కూడా ఒక అధ్యాయం చదివి మూసేయగలుగుతున్నాను, మళ్లీ తెరిస్తే మనుషులు గుర్తుంటున్నారు. రాత్రి రెండింటి వరకు చదవడం లేదు. నచ్చని కథకు రెండు అవకాశాలు ఇస్తాను, వేరే వేరే రోజుల్లో. రెండోసారీ కుదరకపోతే విషయసూచికలో పెన్సిలుతో చిన్న సున్న చుట్టి ముందుకు పోతాను.

ప్రస్తుతం సంచిలో ఉన్న సంపుటిలో 22 కథలున్నాయి. పదమూడింటికి టిక్కులు పడ్డాయి, ఒకదానికి సున్న. తర్వాతది ఇరవై ఆరు పేజీల కథ, ఘాటు మొదలయ్యేలోపు కాదు. దాన్ని ఆదివారం మిద్దె మీదికి ఉంచుకున్నాను.