సైన్స్ సంఘం మినిట్స్‌కి కుట్టు పుస్తకాలు: పూర్ణా మార్కెట్ వైపు బైండింగ్ షాపు రివ్యూ

విశాఖలో చిన్న సైన్స్ సంఘం నడిపేవాళ్లు వెన్నుకి జిగురు అంటించిన రెడీమేడ్ రిజిస్టర్లలో మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసుకునే నమోదు) రాయకండి. వారం వారం తెరిచి మూసేసరికి జిగురు పగిలి కాగితాలు ఊడొస్తాయి. పూర్ణా మార్కెట్ వైపు సందుల్లో చేత్తో కుట్టే బైండింగ్ షాపులున్నాయి. వాటిలో ఒకచోట చేసిన నాలుగు పుస్తకాల సెట్టు గురించి ఈ రివ్యూ. కుట్టు చాలా గట్టిగా ఉంది, పుస్తకం బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. అట్ట పని, గీతల పని మాత్రం దగ్గరుండి చెప్పి చేయించుకోవాలి.

నాలుగు పుస్తకాలు ఎందుకంటే, లండన్‌లోని పాత సైన్స్ సంఘం రాయల్ సొసైటీ మొదట్లోనే పనిని అలా విడదీసింది. సమావేశంలో జరిగింది జర్నల్ బుక్‌లోకి, ప్రయోగాల పూర్తి పాఠం రిజిస్టర్ బుక్‌లోకి, ఉత్తరాల నకళ్లు లెటర్ బుక్‌లోకి, పాలకవర్గం నిర్ణయాలు కౌన్సిల్ మినిట్స్‌లోకి వెళ్లేవి. ఇవన్నీ ఒకే పుస్తకంలో కలిపితే, సభ్యులందరికీ చూపించాల్సిన ప్రయోగం పక్కనే జీతాల చర్చ ఉంటుంది. అప్పుడు ఆ పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వలేం. వీటిలో రిజిస్టర్ బుక్ విలువ ఎక్కువ. ఒక విషయం ముందు ఎవరు చెప్పారన్న తగాదా వస్తే, తేదీతో ఎక్కించిన ఆ పాఠమే సాక్ష్యం. 1840లోనే గోడే వెంకట జగ్గారావు వేధశాల (గ్రహాలు, నక్షత్రాలు పరిశీలించే చోటు) కట్టిన ఊరు మనది. పరిశీలనకి తేదీ, సమయం ఎంత ముఖ్యమో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు.

విడి కాగితాలు కార్యదర్శి ఇంటికి చేరితే ఏమవుతుందో కూడా ఆ సొసైటీ చరిత్రలోనే ఉంది. దాని కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ 1677లో చనిపోయాక రాబర్ట్ హుక్ కార్యదర్శి అయ్యాడు. ఆయన చేతిరాత మినిట్స్ 500కు పైగా పేజీలు 2006లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో ఒక ఇంట్లో బయటపడ్డాయి. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి సొసైటీకి దాదాపు పది లక్షల పౌండ్లు అయ్యాయి. అందుకే, ఏ కాగితం పోయినా తెలిసేలా, మొదటి అక్షరం రాయకముందే ప్రతి పేజీకీ నంబరు కొట్టించండి. ఈ షాపులో నంబరింగ్ మిషన్ ఉంది, అచ్చు శుభ్రంగా పడుతుంది.

ఆర్డరు ఇలా ఇవ్వండి: ఫుల్‌స్కేప్ సైజు, 90 నుంచి 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) లెడ్జర్ కాగితం, ఫారానికి (కలిపి మడిచి కుట్టే కాగితాల కట్ట) 16 పేజీల చొప్పున 12 ఫారాలు, అంటే 192 పేజీలు. మొదటి నాలుగు పేజీలు విషయసూచికకి వదలాలి. కాగితం నార (లోపలి పోగులు సాగే దిశ) వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే మన సముద్రపు చెమ్మకి పేజీలు అలలు తేలతాయి. నార ఎటుందో ముక్క మడిచి చూస్తే తెలుస్తుంది: నార వెంట మడత సాఫీగా పడుతుంది, అడ్డంగా మడిస్తే పగుళ్లు వస్తాయి.

అట్ట దగ్గరే లోపం. మైదా జిగురు పూర్తిగా ఆరకముందే ప్రెస్సులోంచి తీసేస్తున్నారు, అట్టలు వంగిపోతున్నాయి. కనీసం ఒక రోజంతా బరువు కింద ఉంచమనాలి, వర్షాకాలంలో రెండు రోజులు. జిగురులో మైలుతుత్తం కలపమని కూడా చెప్పండి, లేకపోతే పురుగు పడుతుంది. స్టేపుల్ పిన్ను ఒక్కటి కూడా వాడనివ్వద్దు. ఉప్పుగాలికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. అట్టమీద అంటించే కాలికో గుడ్డ మాత్రం మంచిది వేస్తున్నారు, మూలలు చక్కగా మడుస్తున్నారు.

చందాలకి ఐదో పుస్తకం కావాలి. షాపువాళ్ల మామూలు జమాఖర్చు గీతలు దీనికి పనికిరావు. పేరు, రావాల్సింది, వచ్చింది, బాకీ, రసీదు నంబరు అని గడులు విడిగా గీయించుకోండి. బాకీ గడి ముఖ్యం. 1660 నవంబరు 28న తొలి సమావేశంలోనే ప్రవేశ రుసుము పది షిల్లింగులు, సమావేశానికి వచ్చినా రాకున్నా వారానికో షిల్లింగు అని రాసుకున్న రాయల్ సొసైటీకి కూడా చందా బాకీలు తప్పలేదు. చేపల మీద ఒక ఖరీదైన పుస్తకం అచ్చు వేయించి ఖజానా ఖాళీ అయ్యాక, 1687లో గుమాస్తా ఎడ్మండ్ హాలీ జీతానికి డబ్బు బదులు ఆ పుస్తకం 50 ప్రతులు ఇచ్చారు.

రాయడానికి జెల్ పెన్ను వద్దు, చాలా రకాల్లో సిరా చెమ్మ తగిలితే పాకుతుంది. ఈ కాగితం మీద మామూలు బాల్‌పెన్ను బాగా నిలుస్తోంది, వెనక పేజీకి అచ్చు దిగడం లేదు.