మెకాలే పుట్టిన ఊరూ, 40 పౌండ్ల ఆవకాయ వాసనా

ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో మేం దిగిన సర్వీస్ అపార్ట్‌మెంట్ ఓనరు మా డిపాజిట్‌లోంచి 40 పౌండ్లు కోసేశాడు. కారణం, గదిలో ఘాటైన వంట వాసనట. మేం అక్కడ స్టవ్ వెలిగిస్తే ఒట్టు. అత్తయ్యగారు రాజమండ్రి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా మూత తీసి, బ్రెడ్డుకి రాసుకుని రెండు ముక్కలు తిన్నారు. అంతే. ఆ మూత తీసినందుకు మన లెక్కలో 4,600 రూపాయలు.

ఆ మంట మీదే ఇది రాస్తున్నాను. లేకపోతే మిగతా ప్రయాణం బాగానే జరిగింది.

మావయ్యగారు రాజమండ్రి కోర్టులో 38 ఏళ్ళు క్రిమినల్ కేసులు వాదించారు. లండన్‌లో మేముండే హారోకి వచ్చిన పెద్దవాళ్ళందరూ లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్ అంటారు. ఈయన వచ్చిన నాలుగో రోజు అడిగింది ఒక్కటే: "మెకాలే పుట్టిన ఇల్లు చూపిస్తావా అమ్మాయ్?"

"ఇంగ్లీషు చదువులు తెచ్చి మన చదువుల్ని పాడు చేసినాయన ఇంటికా?" అన్నాను.

"చదువుల సంగతి తర్వాత. 38 ఏళ్ళు మన ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన రాసిన చట్టం మీదే."

నిజమే. ఇండియన్ పీనల్ కోడ్ ముసాయిదా 1837లో తయారు చేసింది మెకాలే అధ్యక్షుడిగా ఉన్న లా కమిషనే. చట్టమయ్యింది మాత్రం 1860లో, ఆయన పోయిన మరుసటి ఏడాది. 2024 జూలై 1న దాన్ని తీసేసి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. రిటైరైన లాయరుకి దాంతో పనిలేదు కానీ, హత్యకి శిక్ష వేసే సెక్షన్ 302 కాస్తా 103 అయిందంటే మావయ్యగారు ఇప్పటికీ పాత ఇంటి డోర్ నంబర్ మారినట్టు బాధపడతారు.

మా ఆయనకి ఆఫీసులో రిలీజ్ టెన్షన్, రాలేదు. ముగ్గురం సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కాం. ముందే కొన్నాం కాబట్టి రానూపోనూ ముగ్గురికీ 96 పౌండ్ల 60 పెన్నీలు. గంటా పావులో లెస్టర్.

ఇక ఆ అపార్ట్‌మెంట్. రెండు రాత్రులకి 178 పౌండ్లు, డిపాజిట్ ఇంకో 100. "స్టేషన్‌కి 5 నిమిషాలు" అని రాశాడు. కార్లో 5 నిమిషాలన్నమాట, అత్తయ్యగారి మోకాళ్ళతో నడిస్తే 35. లిఫ్ట్ ఉందని ఎక్కడా రాయలేదు కాబట్టి అబద్ధం చెప్పలేదనే అనుకోవాలి, మూడో అంతస్తు. తాళం చెవి గోడకున్న చిన్న పెట్టెలో ఉంటుంది, నాలుగంకెల కోడ్ కొట్టాలి. అతను పంపిన కోడ్‌తో అది తెరుచుకోలేదు. ఫోన్ ఎత్తడు. 50 నిమిషాలు మెట్ల దగ్గర సూట్‌కేస్ మీద కూర్చున్న అత్తయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతేనే నాకు భయం. చివరికి మెసేజ్ వచ్చింది: కోడ్ నిన్న మార్చాం, సారీ. సారీ తర్వాత ఒక నవ్వు బొమ్మ కూడా.

లోపల బాత్రూంలో వేడినీళ్ళు సరిగ్గా ఒక మనిషికి సరిపోతాయి. రెండో మనిషి సబ్బు రాసుకున్నాక చల్లబడతాయి. ఆ రెండో మనిషిని నేనే.

మర్నాడు రోత్‌లీ వెళ్ళాం. లెస్టర్ నుంచి బస్సు, మనిషికి 3 పౌండ్లు. మెకాలే 1800 అక్టోబర్ 25న పుట్టిన రోత్‌లీ టెంపుల్ ఇప్పుడు హోటల్. టెంపుల్ అంటే గుడి కాదు, టెంప్లర్లనే క్రైస్తవ యోధులకి ఒకప్పుడు చెందిన చోటు. వాళ్ళు 13వ శతాబ్దంలో కట్టిన చిన్న రాతి ప్రార్థనా మందిరం ఇంటికి ఆనుకుని అలాగే ఉంది. ముందే ఫోన్ చేసి అడిగితే రమ్మన్నారు. రిసెప్షన్ అమ్మాయి తనే వచ్చి తలుపు తీసి, "ఎంతసేపైనా ఉండండి" అని వెళ్ళిపోయింది. నిన్నటి ఓనరు తర్వాత ఆ పిల్ల మాకు దేవతలా కనిపించింది.

ఆ ఇల్లు మెకాలే మేనత్త భర్త థామస్ బాబింగ్టన్‌ది. పిల్లాడికి పెట్టింది ఆయన పేరే. తండ్రి జాకరీ మెకాలే బానిస వ్యాపారం మీద జీవితమంతా పోరాడిన మనిషి, అదే పోరాటాన్ని పార్లమెంటులో నడిపిన విల్బర్‌ఫోర్స్‌కి కుడిభుజం. తోటలో విల్బర్‌ఫోర్స్ స్మారకం కూడా ఉంది. మావయ్యగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "తండ్రి బానిసల్ని విడిపించడానికి ఆస్తి పోగొట్టుకున్నాడు. కొడుకు ఆ అప్పుల కోసం మన దగ్గరికి ఉద్యోగానికొచ్చాడు, ఏడాదికి 10,000 పౌండ్ల జీతం" అన్నారు. 1834లో మద్రాసులో దిగి, పల్లకీలో ఊటీ దాకా మోయించుకుని వెళ్ళాడట.

టీ తాగుతుంటే నా కప్పు తొణికి చెయ్యి చురుక్కుమంది. మావయ్యగారికి కథ గుర్తొచ్చింది. నాలుగేళ్ళ మెకాలే ఎవరింట్లోనో ఉండగా కాళ్ళ మీద వేడి కాఫీ పడిందట. ఆ ఇంటావిడ కంగారుగా ఎలా ఉంది బాబూ అంటే, "కృతజ్ఞుడను, బాధ కొంత ఉపశమించినది" అన్నాడట. మావయ్యగారు గ్రాంథికంలో అభినయించేసరికి అత్తయ్యగారు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వారు.

సాయంత్రం బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ థాలీ, మనిషికి 11 పౌండ్ల 50 పెన్నీలు, ఎంత కావాలంటే అంత. కఢీ నోట్లో పెట్టుకుని అత్తయ్యగారు "మజ్జిగపులుసులో పంచదారేంటి, ఖర్మ" అన్నారు. అని మూడు గిన్నెలు తాగారు. లెస్టర్ వెళితే శాకాహారులు ఇంకెక్కడా వెతక్కండి, తిన్నగా ఆ రోడ్డుకే పోండి.

తిరుగు రైల్లో ఉండగా వాసన జరిమానా మెయిల్ వచ్చింది. కింద ఓనరు సంతకం చూస్తే అచ్చంగా మన భారతీయుల పేరు. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మెల్లగా అన్నారు: "రక్తంలో, రంగులో భారతీయుడు, అభిరుచిలో, ఆలోచనలో, నీతిలో, తెలివిలో ఇంగ్లీషువాడు. 1835లో మెకాలే కావాలన్నది ఇలాంటివాణ్ణే అమ్మాయ్. ఇన్నేళ్ళకి దొరికాడు."

ఇంతలో అత్తయ్యగారి తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో ఆ పాత ఫార్వర్డే మళ్ళీ పెట్టారు. భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనపడలేదు, వీళ్ళ వెన్నెముక విరవాలి అని 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడని. మావయ్యగారు జవాబు కొట్టారు: "ఆ రోజు ఆయన కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీన రాసింది చదువుల మీద మినిట్, అంటే సర్కారుకిచ్చిన అభిప్రాయ పత్రం, అందులో ఈ మాటలు లేవు. నిజంగా అన్నవే తిట్టడానికి చాలినన్ని ఉన్నాయి, లేనివి ఎందుకు?" అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

లండన్‌లో రెండు చోట్లు. క్లాపమ్‌లో మెకాలే పెరిగిన ఇంటికి ఫలకం ఉంది, పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు. ఆయన సమాధి ఉన్న పెద్ద చర్చి వెస్ట్‌మినిస్టర్ ఆబీకి మాత్రం ముగ్గురికీ 80 పౌండ్లు దాటింది. ముందే ఆన్‌లైన్‌లో కొనండి.

ఆబీలో కవుల మూల అనే చోట నేలమీద ఆయన సమాధి రాయి. 1859 డిసెంబర్ 28న పోయాడనీ, శరీరం శాంతిగా పూడ్చబడింది, పేరు ఎప్పటికీ బతికుంటుందనీ చెక్కారు. జనం దాని మీంచి నడిచి నవలాకారుడు డికెన్స్ సమాధి దగ్గరికి పోతున్నారు. మావయ్యగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, రాయి తొక్కకుండా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినపడేలా కేసు చెప్పారు. 1830లో ఒక ప్రభువు గుప్పిట్లో ఉన్న కాన్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకొచ్చి, మరుసటి ఏడాది అలాంటి సీట్లనే రద్దు చెయ్యాలని గొప్పగా వాదించాడు. 1847లో ఎడిన్‌బరోలో ఓడాడు, 1852లో ప్రచారానికి వెళ్ళకుండానే అక్కడే గెలిచాడు. ఓడిన మరుసటి ఏడాదే ఇంగ్లండు చరిత్ర మొదటి రెండు సంపుటాలు బయటికొచ్చాయి. తర్వాతి రెండింటికి పబ్లిషరు ఒక్క చెక్కు మీద 20,000 పౌండ్లిచ్చాడు. "మన దగ్గర రెండేళ్ళ జీతం" అన్నారు మావయ్యగారు, లాయరు లెక్క.

ఇంటికొచ్చాక ఆయన నాతో కంప్లైంట్ టైప్ చేయించారు. పేరాకో నంబరు, మొత్తం పదకొండు. ఆవకాయ అంటే ఏమిటో వివరించడానికే రెండు పోయాయి. చివర్లో చీటింగ్ సెక్షన్ పెడదామన్నారు.

"ఇక్కడ మీ 420 చెల్లదు మావయ్యగారూ."

"ఇప్పుడు అక్కడా చెల్లదులే. 318 చేసేశారు."

తొమ్మిది రోజులకి 25 పౌండ్లు వెనక్కొచ్చాయి. మిగిలిన 15 దేనికో చెప్పలేదు. ముక్కలకేమో అన్నారు అత్తయ్యగారు.