హెపా 1-6 కణాలతో ఆరేళ్లు

ఎలుక కాలేయ క్యాన్సర్ కణశ్రేణుల్లో (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుకుంటూ వచ్చే కణాల్లో) నేను ఎక్కువ కాలం వాడినది హెపా 1-6. కొత్తగా పని మొదలుపెట్టేవారికి ఇప్పటికీ వీటినే సూచిస్తాను. అయితే వాటి పుట్టుక తెలుసుకున్నాకే ఎలుకలకు ఎక్కించమంటాను.

పెంపకం సులువు. 10 శాతం సీరం కలిపిన డీఎంఈఎం అనే పోషక ద్రవం (మీడియం), 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ చాలు. ఆల్బుమిన్, ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే ప్రోటీన్లను స్రవిస్తూ కాలేయపు గుణం కొంత నిలుపుకుంటాయి. కణాలను పాత్ర నుంచి విడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్ వేసి తొందరపడితే మాత్రం గుత్తులుగా ఊడివస్తాయి. గుత్తులను అలాగే లెక్కిస్తే ఆ తప్పు సిరంజిలోకి, అక్కడి నుంచి ఎలుకలోకి వెళుతుంది. మైక్రోస్కోపులో విడివిడిగా కనిపించేదాకా నేను లెక్కించను.

ఇక పుట్టుక సంగతి. ఈ కణాలకు మూలమైన బిడబ్ల్యు7756 కణితి సి57ఎల్ ఎలుకలో పుట్టింది. మనం సాధారణంగా ఎక్కించేది సి57బిఎల్/6 ఎలుకలకు. రెండూ దగ్గరి చుట్టాలే కాని ఒకటే జాతి కాదు. అందుకే కొన్నిసార్లు ఎలుక రోగనిరోధక వ్యవస్థే కణితిని కరిగించేస్తుంది. రెండో ఏడాది మందు ఇచ్చిన ఎలుకల్లో కణితులు తగ్గుతుంటే ఎంత సంబరపడ్డానో! వారం తిరగకుండానే మందు ఇవ్వని గుంపులోనూ కొన్ని కరిగిపోయాయి. అన్ని ప్రాణులను వాడి ఏమీ తేల్చలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి, వరుస కొలతల్లో కణితి పెరుగుతోందని తేలాకే ఎలుకలను గుంపులుగా విడదీస్తున్నాను. మందు ఇవ్వని గుంపును ఎన్నడూ చిన్నది చేయను.

అయినా వీటిని వదలకపోవడానికి కారణం ఉంది. మనిషి నుంచి వచ్చిన హెప్‌జి2 కణాలను పెంచాలంటే టీ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) లేని న్యూడ్ ఎలుకలు కావాలి. టీ కణాలే లేనిచోట, వాటిని ఉసిగొల్పే చికిత్సను ఎలా పరీక్షిస్తాం? హెపా 1-6 అయితే చెక్కుచెదరని రోగనిరోధక వ్యవస్థ మధ్యనే పెరుగుతుంది. డయాక్సిన్ వంటి విషాల ప్రభావం చూడాలనుకునేవారికి మాత్రం హెపా-1సి1సి7 అనే కణశ్రేణి నయం.

కణాలకు సోకే అతి చిన్న బాక్టీరియా అయిన మైకోప్లాస్మా కోసం పరీక్ష తప్పనిసరి. అది సోకినా మీడియం మసకబారదు. తొలి పాసేజ్‌ల (కొత్త పాత్రలోకి మార్చిన తొలి విడతల) కణాల సీసాలను ద్రవ నైట్రోజన్‌లో దాచుకోండి.

ఒక లోటు మాత్రం ఏ జాగ్రత్తతోనూ తీరలేదు. మనుషుల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. నేను కణాలు ఎక్కించినవన్నీ ఆరోగ్యంగా ఉన్న ఎలుకలే.