రెయిన్‌మీటర్ గడియారంతో గంటలు కొట్టించడం: మూడేళ్ల వాడకం తరువాత

విండోస్ డెస్క్‌టాప్ మీద గడియారం వంటివి పెట్టుకోనిచ్చే రెయిన్‌మీటర్ అనే ప్రోగ్రాముతో పెట్టుకున్న గడియారానికి, లువా అనే ప్రోగ్రామింగు భాషలో చిన్న స్క్రిప్టు రాసి, పాత గోడగడియారంలా గంటలు కొట్టడం నేర్పి మూడేళ్లు దాటింది. రెయిన్‌మీటర్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఖర్చు ప్రస్తావన అనవసరం. చెప్పవలసిందంతా గంట ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదాని గురించే.

నిమిషాలూ సెకన్లూ రెండూ సున్నా అయినప్పుడు మోగమని మొదట రాశాను. చాలా రోజులు బాగానే నడిచినా, అప్పుడప్పుడు ఏదో ఒక గంట చప్పుడు లేకుండా దాటిపోయేది. స్కిన్‌ను, అంటే తెర మీద కనిపించే ఆ గడియారాన్ని, వెయ్యి మిల్లీసెకన్లకు ఒకసారి నవీకరించమని అమర్చినా, ప్రతి చుట్టూ రవ్వంత ఆలస్యంగా జరుగుతుంది గనుక, ఆ జాప్యం పేరుకొని ఎప్పుడో ఒకసారి యాభై తొమ్మిదో సెకను తరువాత నేరుగా ఒకటో సెకను వస్తుంది. సున్నా స్క్రిప్టు కంట పడనే పడదు. అందుకని క్రితం చుట్టులో చూసిన గంటను గుర్తుంచుకొని, అది మారగానే మోగించే పద్ధతి పెట్టాను. దానితో మరో తమాషా మొదలైంది: స్లీప్ నుంచి లేచిన కంప్యూటరు మూడు గంటల నలభై నిమిషాలకు తాపీగా మూడు కొట్టేది. గంట మారి ఉండాలి, నిమిషం ఇంకా సున్నాలోనే ఉండాలి అని రెండు షరతులూ కలిపాక ఆ బెడద తీరింది.

రెయిన్‌మీటర్‌లో శబ్దం వినిపించే ప్లే ఆదేశం వేవ్ (.wav) శబ్దపు ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. పైగా కొత్త శబ్దం మొదలైతే పాతది ఆగిపోతుంది. ఒక్క దెబ్బ ఉన్న ఫైలును వెంటవెంటనే పన్నెండుసార్లు పిలిస్తే వినిపించేది చివరి దెబ్బే. మధ్యలో విరామమిచ్చే ఆదేశం ఉన్నా, నేను దెబ్బలన్నీ ముందే కలిపి పన్నెండు ఫైళ్లు తయారు చేసుకున్నాను. ఒక దెబ్బ మోత తగ్గకముందే రెండోది వచ్చి కలిసే సొగసు అందులోనే ఉంది. మొదటి రోజు పది, పదకొండు, పన్నెండు మాత్రమే మోగి, మిగిలిన గంటలన్నీ మూగబోయాయి. స్క్రిప్టు గంటను ‘09’ అని రెండంకెల్లో ఇస్తుండగా ఫైలు పేరు ‘9’ అని ఉండడమే కారణమని తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇలా రోజుకు 156 దెబ్బలు. అరగంటకు ఒక్కొక్కటి చేర్చితే 180. అరగంట దెబ్బను నేను నెల తిరగకుండానే తీసేశాను, ఒంటిగంటకూ పన్నెండున్నరకూ తేడా తెలియక. రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు మౌనం అన్న షరతు మాత్రం మొదటి వారంలోనే తప్పనిసరి అయింది.

బ్లూటూత్ స్పీకరు వాడేవారికి ఒక మాట: కాసేపు నిశ్శబ్దంగా ఉన్న స్పీకరు మేలుకొనేలోగా మొదటి దెబ్బ తెగిపోయి, నాలుగు మూడుగా వినిపించవచ్చు. ప్రతి ఫైలు మొదట్లో ఒక సెకను నిశ్శబ్దం అతికించాను, అప్పటినుంచి లెక్క తప్పలేదు. ఆన్‌లైన్ సమావేశాల సంగతే ఇంకా తేలలేదు. గడియారం మీద మౌసు మధ్య మీట నొక్కితే గంట ఆగేలా చేశాను గాని, నొక్కాలన్న సంగతి నాకు గుర్తొచ్చేది పదకొండు దెబ్బల్లో నాలుగోది మోగుతున్నప్పుడే.