ఫ్రీజర్‌లో దాచుకునే మైదాకు కోన్లు: మా అమ్మాయి లగ్గానికి వాడి చూశాక

మొన్న మే నెలలో హనుమకొండలో మా పెద్దమ్మాయి లగ్గం చేశాం. బట్టలు, బంగారం, భోజనాలు అన్నీ ఒక ఎత్తు, మైదాకు, అదే గోరింటాకు, ఒక్కటీ ఒక ఎత్తు అయింది నాకు. దానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మా చెల్లెలు ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో ‘గంటలో నల్లగా పండుతుంది’ అని చెప్పిన కోన్ పెట్టించుకుంది. మూడో రోజుకి డిజైన్ గీత వెంట గీతగా బొబ్బలు లేచాయి. మూడు వారాలు స్కిన్ డాక్టర్ చుట్టూ తిరిగాం. జుట్టుకి రంగు వేసుకున్నా మొహం వాచే ప్రమాదం ఉందని ఆయన చెప్పడంతో పాపం ఇప్పటికీ తెల్ల వెంట్రుకలతోనే ఉంటోంది. అలాంటి నల్ల కోన్లలో కలిపేది పీపీడీ అనే హెయిర్ డై రసాయనం. అసలైన ఆకు గంటలో నల్లబడదు. ముందు నారింజ రంగే ఇస్తుంది.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మైదాకు శాస్త్రీయ నామం లాసోనియా ఇనర్మిస్ అని ఏటా బోర్డు మీద రాస్తాను. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మంలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని కూర్చుంటుందని పిల్లలకి వివరిస్తాను. ఇంతా చేసి, ఆకు ముద్దని ఎలా దాచాలో మాత్రం ఈ పెళ్లికే సరిగా నేర్చుకున్నాను. నేర్పింది హైదరాబాద్‌లో ఇంట్లోనే కోన్లు చేసే ఒకావిడ. ఆవిడ ఒక్కరే చేసుకుంటారు, తెలిసినవాళ్ల ద్వారానే ఆర్డర్లు తీసుకుంటారు కాబట్టి పేరు, నంబర్ ఇక్కడ రాయడం లేదు. కానీ ఇలాంటి తాజా కోన్లు చేసేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. కొనబోయేవాళ్లకి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ఫోన్ చేయగానే ధర చెబుతారనుకున్నాను. ఆవిడ ముందుగా అడిగింది లగ్గం ఏ రోజు, ముహూర్తం ఎన్నింటికి అని. తర్వాత ఎన్ని చేతులు, ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఎవరైనా ఉన్నారా అని. ఆఖరున, ‘మేడమ్, ఫ్రీజర్‌లో చోటు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బులు పంపండి’ అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. నెలల తరబడి షాపు అరలో ఉండే కోన్‌కి ఫ్రీజర్ అక్కర్లేదు, ఎందుకంటే అందులో ఆకు కాక ఇంకేదో ఉంటుంది. పొడి, నిమ్మరసం, చక్కెర, నీలగిరి తైలం తప్ప ఏమీ లేని ముద్ద బయట నిలవదు.

ఎందుకు నిలవదో మన వంటింటి భాషలోనే చెప్పొచ్చు. రుబ్బిన ఇడ్లీ పిండి పులవడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం దాటితే పనికిరాకుండా పోతుంది. మైదాకు ముద్ద కూడా అంతే. కలిపిన తర్వాత నిమ్మరసం పులుపుకి పొడిలోంచి లాసోన్ మెల్లగా బయటికొస్తుంది. ఎండాకాలం అయితే కొన్ని గంటల్లో, చలికాలం అయితే ఒక రోజు పైనే పడుతుంది. అలా రంగు బాగా వదిలిన ముద్దని వెంటనే వాడాలి. లేదంటే గడ్డకట్టించి ఆపేయాలి. బయటే ఉంచితే ఒకటి రెండు రోజుల్లో ఆ రంగు చర్మాన్ని పట్టే శక్తి కోల్పోతుంది. ముద్ద చూడటానికి బాగానే ఉంటుంది, చేయి మాత్రం పండదు.

ముప్పై కోన్లు చెప్పాను. ఒక్కోటి 25 గ్రాములు, 70 రూపాయలు. అంటే 2,100, పార్శిల్ ఖర్చు వేరే. పొడి రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ నుంచి తెప్పించుకుంటారట. సోజత్ మెహందీకి 2021లో జీఐ, అంటే ఆ ఊరి సరుకుగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి ఎండకి, తక్కువ వానకి ఆకులో రంగు బాగా పడుతుందని పేరు. పొడి బట్టలో జల్లించినంత మెత్తగా ఉంది, ఇరవై తొమ్మిది కోన్లలో ఎక్కడా నలక తగల్లేదు. ముప్పయ్యోదాని మొన దగ్గర చిన్న పీచు అడ్డుపడింది. గుండుసూదితో తీశాం.

పిల్లల కోసం అయిదు కోన్లు విడిగా పంపారు. నీలి టేపు చుట్టి, వాటిలో నీలగిరి తైలం బదులు లావెండర్ నూనె తక్కువగా వేశారు. మా మరదలి పాపకి ఏడు నెలలు, దాని అరచేతిలో ఒక చుక్క పెడదామని అందరికీ సరదా. పసిపిల్లలకి అస్సలు వద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్లకి మైదాకు వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉందో లేదో చూస్తే తెలియదు. సరుకు అమ్ముకునే మనిషి ఒకరికి వద్దని చెప్పడం నాకు చాలా నచ్చింది. పాప అరచేతిలో కుంకుమ చుక్క పెట్టి ఫొటో తీసుకున్నాం.

పార్శిల్ బుధవారం పొద్దున్నే రావాల్సింది, మధ్యాహ్నం మూడింటికి చేరింది. బయట 43 డిగ్రీలు. థర్మోకోల్ పెట్టె తెరిచేసరికి ఐస్ ప్యాక్‌లు నీళ్లైపోయాయి, కోన్లు మెత్తబడ్డాయి కానీ చల్లగానే ఉన్నాయి. రెండు కోన్లు వెనకవైపు కారాయి. నాకు టెన్షన్ పట్టుకుని ఫోన్ చేస్తే, ‘చల్లగా ఉన్నాయంటే ఏం కాలేదు, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేయండి. మళ్లీ మళ్లీ కరగనివ్వకండి’ అన్నారు. కారినవాటిని తుడిచి, అన్నిటినీ రెండు జిప్ కవర్లలో వేసి, మూతున్న స్టీలు డబ్బాలో పడుకోబెట్టాను. ఆ సాయంత్రం రెండు గంటలు కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు ఎవరినీ ముట్టనివ్వలేదు.

కోన్లతో పాటు తెలుగులో అచ్చేసిన ఒక కాగితం వచ్చింది. నా దృష్టిలో ఆ 2,100లో సగం విలువ ఆ కాగితానిదే. వాడబోయే కోన్లే తీయాలి, తక్కినవి కదపకూడదు. తీసినవాటిని బల్ల మీద అరగంట, ముప్పావుగంట వదిలేయాలి. వేడి నీళ్లలో ముంచకూడదు, ఎండలో పెట్టకూడదు. కోన్ పైన పట్టే చెమ్మని పొడిబట్టతో తుడవాలి. ఈ ఆఖరి మాట నేను తేలిగ్గా తీసుకున్నాను. మొదటి కోన్ తుడవకుండా ఇస్తే చెమ్మ చుక్క జారి మా ఆడపడుచు మణికట్టు మీద ఆకు తీగ చెదిరిపోయింది.

చర్మం సంగతి కాగితం వెనకవైపు ఉంది. రంగు పట్టుకునేది పైన ఉండే మృతకణాల పొరనే. అరచేతిలో, అరికాలిలో ఆ పొర మందం, అందుకే అక్కడ ముదురుగా పండుతుంది, మోచేతి దగ్గర పలచగా పండుతుంది. పాత పొర ఎలాగూ రాలిపోతుంది కాబట్టి దాన్ని ముందే నలుగు పెట్టి వదిలించుకోవాలి, పెట్టుకున్న తర్వాత మాత్రం రుద్దకూడదు. వ్యాక్సింగ్ రెండు రోజుల ముందే అయిపోవాలి. పెట్టుకునే రోజు నూనె, లోషన్, సన్‌స్క్రీన్ ఏదీ చేతికి తగలకూడదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒకసారి తుడవాలి.

ఇక్కడే మా ఇంట్లో చిక్కొచ్చింది. లగ్గం ఆదివారం పొద్దున. మైదాకు శుక్రవారం. మైలపోలు గురువారం సాయంత్రం పెట్టుకున్నాం. మైలపోలు అంటే నూనె, పసుపు, నలుగు అన్నీ ఉంటాయి కదా. మైలపోలుని శనివారానికి జరుపుదామని నేనంటే, ‘మైలపోలు తీయకుండా పిల్ల చేతికి మైదాకేంది?’ అని మా అమ్మ ఒప్పుకోలేదు. ఎనభై ఏళ్ల మనిషి మాట, ఆ పద్ధతీ రెండూ నాకు ముఖ్యమే. మళ్లీ ఆవిడకే ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మైలపోలు అలాగే కానివ్వమని, నూనె తలకి, భుజాలకి పెట్టి, చేతులకీ పాదాలకీ మాత్రం పెసరపిండిలో పసుపు కలిపి నూనె లేకుండా నలుగు పెట్టమని చెప్పారు. రాత్రి, తెల్లారి రెండుసార్లు సబ్బుతో కడగమన్నారు. అమ్మ దీనికి సరేనంది. ఒక్క మేనత్త మాత్రం ముచ్చటకొద్దీ పిల్ల ఎడమ చేతి గాజుల దగ్గర నూనె రాసింది. కడిగాం, తుడిచాం. అయినా అక్కడ రూపాయి బిళ్లంత మేర రంగు సరిగా పట్టలేదు. గాజుల కింద దాగింది కాబట్టి ఎవరికీ కనపడలేదు. నూనె ఎంత పని చేస్తుందో నాకు మాత్రం బాగా తెలిసింది.

డిజైన్ వేసిన అమ్మాయి మా వీధిలోనే ఉంటుంది. బయటి కోన్లు వాడనని మొదట అంది. ఒకటి పట్టుకుని గీసి చూశాక గీత సన్నగా, తెగకుండా వస్తోందని ఇంకేమీ మాట్లాడలేదు. మోచేతుల వరకూ, పాదాలకీ కలిపి పెళ్లికూతురికి అయిదు కోన్లు పట్టాయి. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే ఒంటిగంటన్నర అయింది. ఏసీ గాలికి ముద్ద ఎండి రాలబోతే చక్కెర కలిపిన నిమ్మరసం దూదితో అద్దాం, కారేంత కాకుండా తడి తగిలేంత. అమ్మ అన్నం కలిపి మనవరాలికి ముద్దలు పెట్టింది. రాత్రి ఎనిమిదిన్నరకి చెంచా వెనకతో గీకేశాం, నీళ్లు తగలకుండా. మర్నాడు పొద్దుటి దాకా చేతులు తడవనివ్వలేదు.

గీకగానే కనిపించింది నారింజ తొక్క రంగు. పిల్లలందరూ ఉసూరుమన్నారు. మా చెల్లెలు మాత్రం దగ్గర కూర్చుని ఆ రంగు చూసి, ‘ఇదీ అసలైన ఆకు’ అంది. గాలి తగిలే కొద్దీ రంగు ముదురుతుంది, అందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. కోన్లు చేసిన ఆవిడ ముహూర్తం అడిగింది ఆ లెక్క కోసమే. శనివారం మధ్యాహ్నానికి కాచు రంగుకి వచ్చింది. ఆదివారం జీలకర్ర బెల్లం వేళకి అరచేతులు ముదురు మెరూన్. చెల్లెలు కూడా పెట్టించుకుంది. రెండు రోజుల ముందే మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి చూసుకుని, ఏమీ కాలేదని రూఢి చేసుకున్నాకే. రెండేళ్ల తర్వాత దాని చేయి పండింది. పెళ్లిలో నాకు కళ్లు చెమర్చిన సందర్భాల్లో అదొకటి.

తొమ్మిది కోన్లు మిగిలాయి. వృత్తి అలవాటు కొద్దీ వాటితో చిన్న పరీక్ష చేశాను. ఒకటి వంటింటి గట్టు మీద రెండు రోజులు, ఒకటి ఫ్రిజ్ కింది అరలో ఎనిమిది రోజులు, ఒకటి మూడుసార్లు కరిగించి గడ్డకట్టించి, ఒకటి కదపకుండా ఫ్రీజర్‌లో. ఎప్పటికప్పుడు నా ముంజేతి మీద నాలుగు గంటల చొప్పున చుక్కలు పెట్టి, పక్కన పెన్నుతో గుర్తులు రాసుకున్నాను. గట్టు మీదది లేత నారింజ దాటలేదు. ఫ్రిజ్ కింది అరలోది లేత గోధుమ రంగు. మూడుసార్లు కరిగినదాని ముద్ద నీరు విడిచి పలచబడింది, గీత పక్కకి పాకింది, రంగు ఓ మోస్తరు. కదపనిది నెలన్నర తర్వాత ఆషాఢంలో తీస్తే పెళ్లినాటి రంగుకి దాదాపు సమానం. పెరట్లో ఆకు కోసి, రోట్లో చింతపండు వేసి రుబ్బి పెట్టే మా అమ్మ కూడా ఆ చుక్కని వెలుగులోకి పట్టుకుని చూసి మెచ్చుకుంది.

లోపాలు చెప్పాలి. కోన్ల మీద తయారుచేసిన తేదీ లేదు. ఇంత జాగ్రత్తగా చేసే మనిషి తేదీ రాయకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది, ఆవిడకీ చెప్పాను, ఇకనుంచి రాస్తానన్నారు. వెనక మడత ఇంకాస్త గట్టిగా టేపు వేయాలి. నీలగిరి తైలం వాసనకి అమ్మకి తలనొప్పి వచ్చింది, వాసన పడనివాళ్లు లావెండర్‌వే అడగడం మంచిది. రంగు కాస్త తగ్గుతుంది, అంతే. ఎండాకాలంలో దూరం ఊళ్లకి పార్శిల్‌ని నమ్ముకోవద్దు. వీలైతే మనిషిని పంపి తెప్పించుకోండి. మావాళ్లలో ఇంకో లగ్గం ఉంది, ఈసారి తమ్ముణ్ణి ఐస్ పెట్టెతో పంపుతున్నాను.

నా దగ్గర ఇంకా రెండు కోన్లు ఉన్నాయి. సద్దుల బతుకమ్మకి తీద్దామని డబ్బా అడుగున పెట్టి, వాటి మీద తేదీ నేనే రాశాను.